అమెరికా అడవిలో ఏరిన ఎండు పుట్టగొడుగులు తిన్నాక వాంతులు, తూలు.. మిగిలినవి తినవచ్చా?

ప్రశ్న: మాది కావలి. నాకు 63 ఏళ్లు, నా భార్యకు 58. అమెరికాలోని మిషిగన్‌లో ఉంటున్న మా అబ్బాయి ఏప్రిల్‌లో స్నేహితులతో అడవికి వెళ్లి ఏరి, ఎండబెట్టిన పుట్టగొడుగులను ఈమధ్య వచ్చినప్పుడు తెచ్చాడు. కశ్మీర్ గుచ్చి లాంటివేనని, అక్కడ తాను రెండుసార్లు తిన్నానని చెప్పాడు. నానబెట్టి మసాలా కూర వండుకున్నాం. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. మిగిలిన కూరను మర్నాడు మధ్యాహ్నం నా భార్య కాస్త ఎక్కువగానే తిన్నది. తిన్న నాలుగు గంటలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నడవబోతే పక్కకు తూలిపోయింది. మరుసటి రోజుకు తగ్గింది. ఇది జరిగి తొమ్మిది రోజులైంది. ఆమె షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది. లివర్‌కు ఏమైనా అవుతుందా? ఇంకా పావు కిలో ఉన్నాయి. బాగా ఉడికించి తినవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మిగిలిన పావు కిలో ఎంత ఉడికించినా తినవద్దు. మీ శ్రీమతి గారి విషయంలో భయపడవలసిన గడువు చాలావరకు దాటిపోయినట్టే. అయినా ఒకసారి రక్తపరీక్ష చేయించడం మంచిదని ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

గుచ్చి అని మనం పిలిచేది హిమాచల్, కశ్మీర్, ఉత్తరాఖండ్ కొండల్లో మంచు కరిగే కాలంలో మొలిచే మోరెల్ పుట్టగొడుగు. అమెరికా, యూరప్ అడవుల్లో కూడా వసంతంలో ఇది దొరుకుతుంది. అయితే అదే కాలంలో, అవే చెట్ల కింద, దాన్ని పోలినవి మరో రెండు రకాలు మొలుస్తాయి. మొదటిది వెర్పా. అసలు మోరెల్ కంటే ఇంచుమించు రెండు వారాలు ముందే తల ఎత్తుతుంది కాబట్టి ఆత్రంగా అడవికి వెళ్లేవారి బుట్టలోకి చేరేది ఎక్కువగా ఇదే. రెండోది గైరోమిట్రా, అంటే దొంగ మోరెల్, చాలా ప్రమాదకరమైనది.

పచ్చిగా ఉన్నప్పుడు నిలువునా కోస్తే తేడా తెలుస్తుంది. అసలు మోరెల్ టోపీ మీద తేనెపట్టు గదుల్లాంటి గుంటలుంటాయి, టోపీ అంచు కాడకు అతుక్కుని ఉంటుంది, లోపల పైనుంచి కిందివరకు ఖాళీగా గొట్టంలా ఉంటుంది. వెర్పా టోపీ మీద గుంటలకు బదులు నిలువు ముడతలుంటాయి. కాడ కొనకు మాత్రమే తగిలి, దర్జీ వేలికి తొడుక్కునే లోహపు తొడుగులా చుట్టూ వదులుగా వేలాడుతుంది. కాడ లోపల బూరుగుదూది కూరినట్టు తెల్లటి పీచు ఉంటుంది. గైరోమిట్రా టోపీ మెదడు మడతల్లా వంకరటింకరగా, ఎర్రమట్టి రంగులో ఉంటుంది. ఎండి, ముడుచుకుని, ముక్కలైన తర్వాత ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి కాబట్టి ఫోటో పంపినా నేను తేల్చి చెప్పలేను.

మీరు చెప్పిన లక్షణాలు మాత్రం వెర్పాకు దగ్గరగా ఉన్నాయి. కొద్దిగా తిన్నవారికి ఏమీ కాకపోవడం, ఎక్కువగా గానీ వరుసగా రెండు రోజులు గానీ తిన్నవారికి కడుపులో గడబిడతో పాటు కాళ్ల మీద పట్టు తప్పడం ఈ పుట్టగొడుగు విషయంలో చాలాకాలంగా నమోదైన సంగతే. అందువల్ల మీ అబ్బాయి రెండుసార్లు తిని బాగానే ఉండటం అది మంచి రకమేననడానికి రుజువు కాదు. అయితే మీ శ్రీమతి గారు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. ఆ మాత్ర కడుపులో ఉండగా తిన్నదంతా వాంతి అయిపోతే చక్కెర పడిపోయి కూడా మనిషి తూలవచ్చు. ఆ సాయంత్రం గ్లూకోమీటర్‌తో చూసి ఉంటే ఈ రెండింటిలో ఏదో తేలేది. ఇకమీదట ఏ కారణంతో వాంతులైనా ముందు చక్కెర చూడండి. తిండి నిలవనప్పుడు షుగరు మాత్రలు వేయాలో ఆపాలో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఇక లివర్ సంగతి. పుట్టగొడుగు తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలైతే అది సాధారణంగా పేగుల ఇబ్బందితో పోతుంది. ఆరు గంటలు దాటిన తర్వాత మొదలైతేనే మేము ఎక్కువగా భయపడతాం, ఎందుకంటే లివర్‌ను దెబ్బతీసే విషాలు ఆలస్యంగా బయటపడతాయి. మీరు నాలుగు గంటలని రాశారు గానీ, ఆమె ముందు రాత్రి కూడా అదే కూర తిన్నారు కదా? అక్కడి నుంచి లెక్కిస్తే ఇరవై గంటల దాకా అవుతుంది. నేను పరీక్ష అడగడానికి కారణం ఇదే. లివర్ ఫంక్షన్ టెస్ట్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఒకసారి చేయిస్తే చాలు. తొమ్మిది రోజులుగా ఆకలి, మూత్రం రంగు, కళ్లు మామూలుగానే ఉంటే ఫలితాలు కూడా మామూలుగానే వస్తాయని ఆశించవచ్చు.

బాగా ఉడికిస్తే పోతుందా అన్నారు. గైరోమిట్రాలోని విషం కడుపులో మోనోమిథైల్ హైడ్రజీన్ అనే పదార్థంగా మారుతుంది. మన పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశలో ఇంధనంగా వాడేది ఇదే. ఇది 87 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. అందుకే ఫిన్లాండ్‌లో ఈ పుట్టగొడుగును రెండుసార్లు పుష్కలమైన నీటిలో ఉడికించి, రెండుసార్లూ ఆ నీరు పారబోసి తింటారు. అక్కడ దుకాణాల్లో హెచ్చరికతో పాటే అమ్ముతారు. ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే. కూరలోనైతే ఆ రసమంతా మనమే కలుపుకుని తింటాం. ఈ విషం బి6 విటమిన్ పనిని అడ్డుకుని ఫిట్స్ తెప్పిస్తుంది. అలాంటి వారికి ఆస్పత్రిలో అదే విటమిన్‌ను పెద్ద మోతాదులో ఇంజెక్షన్‌గా ఇస్తారు. అలాగని మీరు ఇప్పుడు బి6 మాత్రలు కొని వేసుకోవలసిన పని లేదు.

అసలు మోరెల్ కూడా పచ్చిగా తినదగినది కాదు. 2023లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక హోటల్లో వండని, సరిగా ఉడకని మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడగా ఇద్దరు చనిపోయారు. అవి సాగు చేసిన అసలు మోరెల్సే.

వెల్లుల్లి రంగు మారలేదనీ, వెండి గరిటె నల్లబడలేదనీ, పురుగు తిన్నది గనుక మనమూ తినవచ్చనీ మన ఇళ్లలో చెప్పుకునే పరీక్షలు ఒక్కటీ నిలబడవు. తొలకరి వానలకు నల్లమల, వెలిగొండ వైపు లేచే పుట్టకొక్కులను ఏళ్ల తరబడి ఏరుతున్నవారు పుట్టను చూసి, కాడ వేరును చూసి గుర్తుపడతారు. ఆ అనుభవం మిషిగన్ అడవిలో పనికిరాదు. అక్కడివారి చూపు ఇక్కడా అంతే.

చెక్కుచెదరని నాలుగైదు పుట్టగొడుగులను కాగితం కవరులో పెట్టి, మీద తేదీ రాసి, వంటింటికి దూరంగా ఉంచండి. ఎండినా సరే సూక్ష్మదర్శిని కింద విత్తు సంచిలో ఎనిమిది బీజాలుంటే మోరెల్ అనీ, రెండే ఉంటే వెర్పా అనీ శిలీంధ్రాలపై పనిచేసే వృక్షశాస్త్ర అధ్యాపకులు గుర్తించగలరు. మిగిలినవి కుక్కలు, కోళ్లు కెలకకుండా లోతుగా పూడ్చండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మగతగా అనిపించినా పరీక్షల కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117కు మీ డాక్టరు కూడా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. మీ అబ్బాయి దగ్గర, ఆయనతో కలిసి ఏరిన స్నేహితుల దగ్గర ఇదే సరుకు ఇంకా ఉండవచ్చు కాబట్టి వారికి ఈరోజే చెప్పండి.