సెలెరీకి మారితే సరిపోతుందా? పేస్లిప్పులు పంపే పని సగంలో ఆగిపోతోంది, ఒక్కోసారి రెండుసార్లు జరుగుతోంది

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇదీ: జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) యాప్‌లో బటన్ నొక్కితే ఉద్యోగులందరికీ పేస్లిప్ పీడీఎఫ్‌లు తయారై మెయిల్లో వెళ్ళాలి. మొదట వ్యూలోనే (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) రాశారు, 504 (టైమౌట్ ఎర్రర్) వచ్చింది. తర్వాత వెనకాల నడిచే థ్రెడ్‌లో పెట్టారు. ఇప్పుడు ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది, ఒక్కోసారి ఒకే మనిషికి రెండు మెయిళ్ళు వెళ్తున్నాయి. సెలెరీకి, అంటే పనుల్ని (టాస్క్‌లు) క్యూలో పెట్టి వేరే ప్రాసెస్‌లతో (వర్కర్లు) చేయించే టూల్‌కి, మారితే సరిపోతుందా అని అడిగారు.

మారండి, కానీ మారినంత మాత్రాన ఈ రెండు జబ్బులూ పోవు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో మేం సరిగ్గా ఇదే పని కొన్నేళ్ళుగా నడిపిస్తున్నాం కాబట్టి చెప్తున్నాను.

ముందు మీ దగ్గర జరిగింది చూద్దాం. ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూసి 504 ఇచ్చేస్తుంది. వెనకాల జాంగోలో మొదలైన పని మాత్రం ఆగదు. ఎర్రర్ చూసిన యూజర్ ఊరుకోడు కదా, మళ్ళీ నొక్కుతాడు. రెండో కాపీ మొదలు. అన్నట్టు, జాంగోని నడిపే సర్వర్ గునికార్న్‌లో సింక్ వర్కర్ (ఒకసారికి ఒకే రిక్వెస్ట్ చూసే ప్రాసెస్) టైమౌట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లే, దాన్ని ముట్టుకోకపోతే మీకు 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని) రావాలి. 504 వచ్చిందంటే బహుశా ఎవరో దాన్ని పెంచి వదిలేశారు, చూసుకోండి. ఇక థ్రెడ్ సంగతి. అది గునికార్న్ ప్రాసెస్ లోపలే బతుకుతుంది. డిప్లాయ్‌కి రీస్టార్ట్ చేసినా, మెమరీ నిండి ఓఎస్ చంపేసినా దాంతో పాటే పోతుంది. ఎంతవరకు వచ్చిందో ఎక్కడా రాసి ఉండదు.

సెలెరీ, దానికి టాస్క్‌ల క్యూ ఉంచే బ్రోకర్‌గా రెడిస్ పెట్టాక మా దగ్గర జరిగిన తమాషా వినండి. ఒక పెద్ద కంపెనీ పేస్లిప్పులు వెళ్తుండగా, అప్పటికే మెయిల్ అందినవాళ్ళకి రెండోది రావడం మొదలైంది. ఎవరూ రెండోసారి నొక్కలేదు. లాగ్ తీస్తే ఒకే టాస్క్ ఐడీ రెండు చోట్ల ‘రిసీవ్డ్’ అని ఉంది, ఒకటి 10:02కి, ఇంకోటి వేరే వర్కర్‌లో 11:03కి. ఆ గంట తేడానే అసలు క్లూ. రెడిస్ బ్రోకర్‌గా ఉన్నప్పుడు విజిబిలిటీ టైమౌట్ డిఫాల్ట్‌గా గంట. అంతలోపు వర్కర్ నుంచి అక్నాలెడ్జ్ (‘ఇక క్యూలోంచి తీసేయ్’ అన్న జవాబు) రాకపోతే టాస్క్ పోయిందనుకుని మళ్ళీ క్యూలో వేస్తుంది. మేం ‘అక్స్ లేట్’ ఆన్ చేసుకున్నాం, అంటే పని పూర్తయ్యాకే అక్నాలెడ్జ్ వెళ్తుంది. పనేమో గంట దాటింది.

అది ఆఫ్ చేస్తే, పని మొదలుపెట్టే ముందే అక్నాలెడ్జ్ వెళ్ళిపోతుంది, వర్కర్ మధ్యలో చస్తే టాస్క్ గల్లంతు. ఒక సెట్టింగ్‌లో సగంలో ఆగుతుంది, ఇంకోదాంట్లో రెండుసార్లు జరుగుతుంది. బ్రోకర్ మార్చినా ఇదే గొడవ. అమెజాన్ క్యూ సర్వీస్ ఎస్‌క్యూఎస్‌లో ఆ టైమౌట్ ఎంత పెంచినా 12 గంటలు దాటదు.

కాబట్టి గంటసేపు నడిచే టాస్క్ అనేదే లేకుండా చేయండి. ఒక టేబుల్ పెట్టండి: ఉద్యోగి, నెల, స్టేటస్, ఎప్పుడు మొదలైంది. ఉద్యోగి, నెల రెండూ కలిపి యూనిక్. బటన్ నొక్కితే వ్యూ ఈ వరసలు వేసి 202 (పని తీసుకున్నాం, ఇంకా అవ్వలేదు అని) ఇచ్చి వచ్చేయాలి, అంతే. రెండోసారి నొక్కినా కొత్త వరసలు పడవు. ఆ పేజీ కొన్ని సెకన్లకోసారి ఎన్ని అయ్యాయో అడిగి చూపిస్తే చాలు, వెబ్‌సాకెట్లు (సర్వర్‌తో తెరిచే ఉండే కనెక్షన్లు) దండగ.

తర్వాత ఒక్కో ఉద్యోగికి ఒక్కో చిన్న టాస్క్. దానికి వరస ఐడీ మాత్రమే పంపండి, అదీ ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాక. జాంగోలో దానికి ‘ఆన్ కమిట్’ ఉంది. లేకపోతే వరస ఇంకా డేటాబేస్‌లో పడకముందే వర్కర్ వెళ్ళి వెతికి, లేదని ఎర్రర్ ఇస్తుంది. టాస్క్ చేసే మొదటి పని, స్టేటస్ ‘పెండింగ్’ ఉంటేనే ‘పంపుతున్నాం’ అని మార్చడం, ఒకే అప్‌డేట్‌లో. సున్నా వరసలు మారాయంటే ఆ పని ఇంకెవరో తీసుకున్నట్టే, వెనక్కి వచ్చేయాలి. ‘పంపుతున్నాం’ దగ్గరే చాలాసేపు ఇరుక్కున్నవాటిని మళ్ళీ పెండింగ్‌కి మార్చి, టాస్క్‌ని మళ్ళీ క్యూలో వేసే చిన్న జాబ్ ఒకటి కొన్ని నిమిషాలకోసారి నడవాలి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. మెయిల్ వెళ్ళాక, స్టేటస్ రాసేలోపు వర్కర్ చస్తే ఆ ఒక్కరికి రెండో మెయిల్ పోతుంది. పేస్లిప్ రెండుసార్లు వస్తే కొంప మునగదు, అందుకే మేం దాని జోలికి పోలేదు. జీతం డబ్బు ట్రాన్స్‌ఫర్ చేసే పనైతే మాత్రం ఇలా కుదరదు. అక్కడ మన రిఫరెన్స్ నంబర్ ముందే డేటాబేస్‌లో రాసుకుని బ్యాంకుకి పంపాలి, అనుమానం వస్తే అదే నంబర్‌తో స్టేటస్ అడగాలి తప్ప కొత్తగా పంపకూడదు.

పేస్లిప్పులకి వేరే క్యూ, వేరే వర్కర్ పెట్టండి. మాకు 1వ తేదీ పొద్దున ఓటీపీ మెయిళ్ళు పేస్లిప్పుల వెనకాల క్యూ కట్టేవి, లాగిన్ అవ్వలేక కస్టమర్లు ఒకటే ఫోన్లు. ప్రీఫెచ్ మల్టిప్లయర్ కూడా 1కి తగ్గించండి. డిఫాల్ట్ 4, అంటే బఫేలో ఒక్కడే నాలుగు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డట్టు, ఒక వర్కర్ టాస్క్‌లు దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది, పక్క వర్కర్ ఖాళీగా ఉంటుంది.

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, నన్నడిగితే రెడిస్ కూడా అక్కర్లేదు. 9.5 వెర్షన్ నుంచి ‘ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్’ ఉంది. ఒక వర్కర్ లాక్ చేసిన వరసల్ని ఇంకో వర్కర్ ఆగకుండా దాటేసి తర్వాతవి తీసుకుంటుంది. పై టేబుల్‌నే క్యూగా వాడుకుని, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపించేది) కింద ఒక జాంగో మేనేజ్‌మెంట్ కమాండ్ లూప్‌లో నడిపితే మీకున్న లోడ్‌కి హాయిగా సరిపోతుందనుకుంటా.

పీడీఎఫ్‌కి ఏ లైబ్రరీ వాడుతున్నారో మీరు రాయలేదు. వర్కర్ మెమరీ పెరుగుతూనే పోతుంటే, సెలెరీలో ‘మాక్స్ టాస్క్స్ పర్ చైల్డ్’కి 100 లాంటి నంబర్ ఇవ్వండి. అన్ని టాస్క్‌లు అయ్యాక ఆ ప్రాసెస్‌ని ఆపేసి కొత్తది మొదలుపెడుతుంది.