ముఖానికి ముందు మనిషి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది హనుమకొండ. ఉద్యోగ విరమణ తరువాత బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. చెట్లు, గుళ్ళు ఒక మాదిరిగా వస్తున్నాయి కానీ మనుషుల దగ్గరకు వచ్చేసరికి తడబడుతున్నాను. ఫొటో చూసి గీస్తే నుదురు కురచైపోతోంది, ఒళ్ళు కొయ్యబొమ్మలా బిగుసుకుపోతోంది, చేతులు కుదరక వీపు వెనక దాచేస్తున్నాను. ఎక్కడి నుంచి దిద్దుకోవాలి? – ఒక పాఠకుడు

జవాబు: మీ మూడు ఇబ్బందులకూ మూలం ఒకటేననిపిస్తోంది. మీరు ముఖంతో మొదలుపెట్టి, అది పూర్తయ్యాక మిగిలిన చోటులో ఒంటిని ఇరికిస్తున్నట్టున్నారు. కొంతకాలం ముఖాన్ని ఖాళీగా, కోడిగుడ్డు ఆకారంలో వదిలేసి, మనిషి నిలబడిన తీరునే గీయండి.

ఒంటికాలి మీద బరువు వేసి నిలబడిన వారిని గమనించండి. బరువు మోస్తున్న కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, సాధారణంగా అదే వైపు భుజం కిందికి దిగుతుంది, మెడ కింది గుంట దాదాపుగా ఆ పాదానికి సూటిగా పైన ఉంటుంది. భుజాల గీత, తుంటి గీత ఇలా ఎదురెదురుగా వాలినప్పుడే బొమ్మలో ప్రాణం కనిపిస్తుంది. రెంటినీ సమాంతరంగా గీయడం వల్లనే మీ బొమ్మ బిగుసుకుంటోంది. కనుక ముందు తల నుంచి ఆ పాదం దాకా ఒకే వంపుగీత లాగి, దాని మీద ఈ రెండు వాలు గీతలు పెట్టి, ఆ తరువాతే కాళ్ళూ చేతులూ కలపండి. ఒక్కో బొమ్మకు ఒకటి రెండు నిమిషాలకు మించి సమయం ఇవ్వకండి. బాల్‌పెన్నుతో వేస్తే చెరిపే అవకాశమే ఉండదు, అది మంచిదే. బస్టాండులో ఎదురుచూసేవారు, టీకొట్టు దగ్గర నిలబడేవారు ఇందుకు బాగా పనికొస్తారు, ఎందుకంటే కదిలినా కాసేపటికి మళ్ళీ అదే భంగిమకు వస్తారు. దగ్గరగా కూర్చుని గీసేటట్లయితే మాత్రం అడిగి గీయడం మర్యాద.

మీకు పాలంపేట మరీ దూరం కాదు. 1213 నాటి రామప్ప గుడిలో చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, ఒక పూటంతా గీసి రండి. నడుము ఎటు వంగితే భుజం ఎటు వాలుతుందో, బరువు ఏ పాదం మీదికి దిగుతుందో అవి కదలకుండా చూపిస్తాయి. అయితే భంగిమ వాటి దగ్గర నేర్చుకోండి గానీ కొలతలు తీసుకోకండి. శిల్పి వాటిని కావాలనే సన్నగా, పొడవుగా సాగదీశాడు.

కొలతలకు తలనే ప్రమాణంగా పెట్టుకోండి. నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా ఒక తల అనుకుంటే పెద్దవారి ఎత్తు సుమారు ఏడు నుంచి ఏడున్నర తలలు ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో తల ఎత్తును గుర్తించి, దానితో మిగతా ఒంటిని కొలవాలి. మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు వేయడం గురించి చెప్పే భాగమైన చిత్రసూత్రం హంస అనే పురుష రూపానికి 108 అంగుళాలు, అంటే తొమ్మిది తాళాలు చెబుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడి అంగుళం స్కేలు మీది అంగుళం కాదు. తాళం అంటే జుట్టును వదిలేసిన ముఖం పొడవు, అంగుళం అందులో పన్నెండో వంతు. రెండు లెక్కలనూ కలపకండి.

ఇక నుదురు సంగతి. కళ్ళు, ముక్కు, నోరు మన చూపును లాగేసుకుంటాయి కాబట్టి చెయ్యి వాటికి ఎక్కువ చోటిచ్చి, పైభాగాన్ని కుదించేస్తుంది. ఎదురుగా చూసినప్పుడు పెద్దవారి కళ్ళు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. చాలామంది ఇది నమ్మరు. అద్దం ముందు కొలిచి చూసుకోండి. చాలా దగ్గరి నుంచి సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి కనుక పోలిక కుదరాలంటే అటువంటి ఫొటోను ఎంచుకోకండి.

చేతిని దాచకండి. గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ఎంత పొడవో, మణికట్టు నుంచి వేలి కొస దాకా దాదాపు అంతే. అరచేతిని ఒక పలకగా, నాలుగు వేళ్ళనూ కలిపి ఇంకొక పలకగా, బొటనవేలును విడిగా గీసి, ఆ తరువాతే వేళ్ళను వేరు చేయండి. మీ ఎడమచెయ్యి ఎప్పుడూ మీ ఎదుటే ఉంటుంది, అడిగినంతసేపు కదలకుండా కూర్చుంటుంది.

ప్రశ్న: మా మనవరాలికి రెండేళ్ళు. ఎన్నిసార్లు గీసినా ముదురు ముఖమే వస్తోంది. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు పెద్దవారి కొలతలనే చిన్నవి చేసి గీస్తున్నారేమో చూడండి, అమ్మా. పసిపిల్లల్లో తలతో పోలిస్తే ముఖం చిన్నది. కళ్ళు సగానికి కిందుగా ఉంటాయి, నుదురు విశాలంగా కనిపిస్తుంది. పుట్టినప్పుడు ఒంటి పొడవు సుమారు నాలుగు తలలే, రెండేళ్ళకు ఐదుకు దగ్గరవుతుంది. ముక్కు పక్కన, కంటి కింద గీతలు వేయకండి. అక్కడ ఒక్క గీత పడినా వయసు పెరిగిపోతుంది.

ప్రశ్న: ఫొటో మీద గళ్ళు గీసుకుని బొమ్మ వేయడం తప్పా? – ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: తప్పేమీ లేదు. సినిమా బ్యానర్లు చేత్తో వేసిన రోజుల్లో చిన్న ఫొటోను గోడంత పెంచడానికి చిత్రకారులు ఆ పద్ధతినే వాడేవారు. అయితే వారు మనుషులను గీయడం అప్పటికే నేర్చుకున్నవారు. గళ్ళు ఏ గీత ఎక్కడ పడాలో చెబుతాయి గానీ చీర మడతల కింద మోకాలు ఎక్కడుందో చెప్పవు. వారంలో ఒక బొమ్మ గళ్ళతో వేసుకోండి, మిగిలినవి గళ్ళు లేకుండా, ఎదుట కూర్చున్న మనిషిని చూసి వేయండి.