బంక్‌లో చిన్న చికాకులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మొన్న కారుకి వెయ్యి రూపాయల పెట్రోల్ కొట్టమంటే బంక్ కుర్రాడు రెండు వందల దగ్గర ఆపేసి, "రెండు వందలే అన్నారనుకున్నా మేడమ్, మిగతా ఎనిమిది వందలకు కొట్టేస్తా" అన్నాడు. ఈలోగా ఇంకొకతను కిటికీ దగ్గరకొచ్చి కార్డా, స్కానా అంటూ మాట్లాడించాడు. నేను అటు తిరిగేసరికి మీటరు మీద 800 ఉంది. వెయ్యి కట్టి వచ్చేశాను. మోసపోయానా? రౌండ్ ఫిగర్ కాకుండా 1010కి కొట్టించుకుంటే మోసం ఉండదంటున్నారు, నిజమేనా? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ 800 సున్నా నుంచి మొదలైందా, 200 నుంచి మొదలైందా అన్నదే అసలు విషయం. మామూలుగా గన్‌ని మిషన్‌కి తగిలించి మళ్లీ తీస్తేనే మీటరు సున్నాకి వస్తుంది. అతను గన్ మీ ట్యాంకులోనే ఉంచి మళ్లీ నొక్కి ఉంటే మీటరు 200 నుంచే పరిగెత్తి 800 దగ్గర ఆగింది, అంటే మీ కారులో పడింది మొత్తం ఎనిమిది వందల పెట్రోలే, మీరు కట్టింది వెయ్యి. ఒక్కోసారి నిజంగానే సరిగ్గా వినపడక ఆపేస్తారు, కాదనను. కానీ సరిగ్గా అదే సమయంలో రెండో మనిషి వచ్చి కిటికీ దగ్గర మాటల్లో పెట్టాడంటే మాత్రం నాకు అనుమానమే.

దీనికి మందు ఒకటే, కారు దిగడం. ఎండైనా వానైనా, లోపల పిల్లలున్నా సరే, తలుపు తీసుకుని మిషన్ ముందుకెళ్లి నిలబడండి. ఎంతకు కావాలో చెప్పి ఆ అంకె మీటల మీద కొట్టమనండి, సున్నా చూడండి, లీటరు రేటు ఎంత చూపిస్తోందో కూడా ఓసారి చూడండి, గన్ తిరిగి మిషన్‌లో పెట్టేదాకా కార్డు గానీ ఫోన్ గానీ బయటికి తీయకండి. మధ్యలో ఆపితే "ఇది ఇక్కడితో సరి, దీనికి బిల్లు ఇవ్వండి, మిగతాది మళ్లీ సున్నా నుంచి కొట్టండి" అని గట్టిగానే అడగండి. మొహమాటం అక్కర్లేదు, డబ్బు మనది. చాలామంది, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు, వెనక హారన్లు మోగుతుంటే కంగారుపడి అడగడం మానేస్తారు. ఆ అర నిమిషం వెనకవాళ్లు ఆగగలరు, ఆగనివ్వండి.

ఇక 1010 సంగతి. మిషన్ కొలిచేది లీటర్లని, రూపాయలని కాదు. లీటర్లను రేటుతో గుణించి మనకు రూపాయలు చూపిస్తుంది. కొలతలోనే తేడా ఉంటే వెయ్యికి కొట్టించినా, 1010కి కొట్టించినా అదే లెక్కన తగ్గుతుంది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా చేసింది అదే, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని బంకుల మిషన్లలో చిప్‌లు పెట్టి లీటరుకు కొంత చొప్పున తక్కువ పడేలా చేశారు. అలాంటిది రౌండ్ ఫిగర్ మార్చితే దొరకదు, కొలిస్తేనే దొరుకుతుంది. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి, అనుమానం వచ్చి అడిగితే మీ కళ్ల ముందే అందులోకి కొట్టి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడా ఒప్పుకుంటారు, అంతకు మించి తగ్గితే ఆ గన్ వాడకూడదు. పాత్ర లేదనో, మేనేజర్ భోజనానికి వెళ్లాడనో అంటే దాన్నే ఫిర్యాదుగా రాయండి.

ప్రశ్న: మా కారు ట్యాంకు 35 లీటర్లని పుస్తకంలో ఉంది. ముల్లు ఇంకా పూర్తిగా కిందికి పడలేదు, ఫుల్ చేయిస్తే 36 లీటర్ల బిల్లు ఇచ్చారు. ఇది ఎలా సాధ్యం? పైగా గన్ ఆగిపోయాక కూడా రౌండ్ ఫిగర్ చేస్తానని నొక్కుతూనే ఉన్నాడు. (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సాధ్యమేనండీ, దీనికే బంకువాడిని దొంగ అనలేం. కంపెనీ చెప్పే 35 లీటర్లు అంతవరకే నింపమని సూచించే అంకె. ఆవిరి కోసం ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ వదులుతారు, మూత దాకా వచ్చే గొట్టంలో ఇంకొంత పడుతుంది. గొంతు దాకా పోస్తే చెప్పినదానికంటే కొన్ని లీటర్లు ఎక్కువే పట్టొచ్చు.

ఆ గొంతు దాకా పోయడమే నాకు నచ్చని పని. గన్ మూతి చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది, గమనించారా? పెట్రోల్ పడుతున్నంతసేపూ అది గాలి పీలుస్తుంది, పెట్రోల్ పైకొచ్చి ఆ రంధ్రాన్ని ముంచగానే లోపలి ఒత్తిడి మారి గన్ టక్కుమని ఆగిపోతుంది. ఆ టక్కు వినపడిందంటే చాలు. ఇప్పటి కార్లలో ట్యాంకులో లేచే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, పైదాకా నింపితే ఆవిరికి బదులు పెట్రోలే అందులోకి వెళ్లి అది పాడయ్యే ప్రమాదం ఉంది. ఏడు రూపాయల చిల్లర సరిచేయడానికి అంత రిస్క్ ఎందుకు? మూత తీసేముందే "ఆటో కట్ దగ్గర ఆపెయ్ తమ్ముడూ, రౌండ్ చేయొద్దు" అని చెప్పండి, స్కాన్ చేసి పైసలతో సహా కట్టేయండి.

ప్రశ్న: అద్దె కారు తీసుకున్న ప్రతిసారీ ట్యాంకు మూత ఏ వైపు ఉందో తెలియక లైను మార్చుకోవాల్సి వస్తోంది. (విశాఖ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డ్యాష్‌బోర్డు మీద పెట్రోల్ బొమ్మ పక్కన చిన్న బాణం ఉందేమో చూడండి, అది ఎటు చూపిస్తే మూత అటే. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన జిమ్ మోయ్లన్ 1986లో ఓ వానరోజు తప్పు వైపు కారు ఆపి తడిసిపోయి, మనలాగే విసుక్కుని ఆఫీసుకి రాసిన సూచన అది, 1989 మోడళ్ల నుంచి వచ్చింది. తప్పు వైపు ఆగినా వెంటనే లైను వదలకండి, చాలాచోట్ల పైపు అవతలి వైపుకి అందుతుంది, ముందు అడగండి.

ప్రశ్న: గాలి ఫ్రీ అని బోర్డు ఉంటుంది, మనిషి ఉండడు. ఉంటే పది రూపాయలు ఇస్తేనే కొడతాడు. (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. గాలి, తాగునీరు, టాయిలెట్ బంకువాళ్లు ఉచితంగా ఇచ్చి తీరాల్సినవి, పెట్రోల్ కొట్టించుకోకపోయినా సరే. ఇష్టపడి ఇచ్చేది వేరు, ఇవ్వకపోతే కొట్టననడం వేరు. అక్కడే ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి, మిషన్ నంబరు, తేదీ, సమయం వేయండి, ఒక ఫోటో తీసుకోండి. పుస్తకం ఇవ్వకపోతే బోర్డు మీద ఉండే ఆయిల్ కంపెనీ నంబరుకి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫోన్ చేయండి. ఇంకోమాట, ఎంత గాలి కొట్టాలో అతన్ని అడగకండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత అని రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే ఆ లెక్క సరిపోతుంది కాబట్టి ఇంటికి దగ్గరి బంకులో, పొద్దున్నే కొట్టించుకోండి.