హైడ్రాంజియా మళ్లీ పూయాలంటే

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొన్న ఏడాది విరగబూసిన హైడ్రాంజియా ఇప్పుడు నిండా ఆకులే. పీకెయ్యకు తల్లీ, మొక్క బాగానే ఉంది.

గులాబీకి కొమ్మ కత్తిరిస్తే కొత్త చిగురుకి పూస్తుంది. మీ పెద్దాకుల హైడ్రాంజియా పూసేది ఎక్కువగా పోయినేడాది కొమ్మల మీదే. వచ్చే జూన్‌లో విచ్చుకోవాల్సిన మొగ్గ ఈ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కొమ్మ చివర తయారవుతుంది. ఆకులు రాలాక పెరటి పనివాళ్లు అన్నీ ఒకే ఎత్తుకి నున్నగా కొట్టేసి పోతారు చూడు, మరుసటేటి పూలు ఆ చెత్తతోపాటే పోతాయి. ఈసారి దాని జోలికి రావొద్దని గట్టిగా చెప్పు. పక్కింటి తెల్ల అనాబెల్ హైడ్రాంజియాని మార్చిలో కత్తిరించినా పూస్తుంది, అది కొత్త కొమ్మకి పూసే రకం. దాన్ని చూసి నువ్వు కత్తెర పట్టకు.

మార్చిలో మీ మొక్క కొమ్మలు ఎండు పుల్లల్లా కనిపిస్తాయి. గోటితో బెరడు కాస్త గీకు. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికున్నట్టే. కణుపు దగ్గర ఎదురెదురుగా ఉబ్బిన మొగ్గలు జతగా కనిపిస్తాయి. మే నెల సగమయ్యాక కూడా చిగురు వెయ్యని కొమ్మలు మాత్రం మొదలంటా తీసెయ్. పూశాక వాడిన గుత్తులు తీయాలంటే జూలైలోపే, గుత్తి కింద మొదటి ఆకుల జత వరకే.

ఇక చలి. నవంబరు చివర్లో చుట్టూ కర్రలు పాతి, వలకంచె కట్టి, కొమ్మల చివర్లు మునిగేదాకా రాలిన ఓక్ ఆకులు నింపు. జింకల బెడదా తగ్గుతుంది. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాయగానే అంతా లాగెయ్యకు, కొంచెం కొంచెంగా తియ్యి. చిగురేశాక ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వేసినా మొగ్గ నల్లబడిపోతుంది. అలాంటి రాత్రి పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసెయ్.

లాన్‌కి వేసే ఎరువు దాని మొదట్లో పడనివ్వకు, నత్రజని ఎక్కువైతే ఆకులే ఏపుగా వస్తాయి. పొద్దుటెండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. రంగు మార్చే మందులు ఇప్పుడు కొనకు, అవి నీలం, గులాబీ సంగతి చూస్తాయి తప్ప పూయించవు.

ఇండియా వస్తున్నారుగా, ఆగస్టులో నీళ్లు పోసే మనిషిని మాట్లాడి పెట్టుకో. మొగ్గ కట్టే నెలలో మొక్క వడిలిపోకూడదు.

మీ పెద్దమ్మ