బోర్డు గీసే మేనకోడలికి

చి. బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు చిన్న సీఎన్‌సీ రౌటరు (కంప్యూటరు చెప్పినట్టు చెక్కే మిషను) కొన్నావనీ, వీధిలో అడిగిన వాళ్లందరికీ ఇంటిపేరు బోర్డులు చెక్కి ఇస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన కోనసీమలో బోర్డంటే ఇన్నాళ్లూ ఎనామిల్ డబ్బా, కుంచె, సుద్ద దారం. ఆ పనిలోకి మనింటి ఆడపిల్ల కంప్యూటరు పట్టుకుని వస్తోందంటే గర్వంగానే ఉంది. ఆ మాట వెనకాలే, మిషను వరండాలో గచ్చు మీదే పెట్టిందనీ, మధ్యాహ్నం దాన్ని తిరగనిచ్చి లోపల భోజనానికి కూర్చుందనీ కూడా చెప్పింది. అక్కణ్ణుంచి నాకు కుదురు లేదు.

కాబట్టి ముందు తిట్లు. మిషను తిరుగుతున్నంతసేపూ నువ్వు దాని పక్కనే ఉండాలి. మొద్దుబారిన బిట్టు (తిరుగుతూ కోసే ములుకు) కోయడం మానేసి చెక్కను రుద్దుతుంది. చెక్క కమురుతుంది, నిప్పు రవ్వ పొట్టులో పడుతుంది. పొట్టు లాగే వాక్యూమ్ పెట్టావంటే ఆ రవ్వ సంచీలోకి పోయి గంట తరవాత అంటుకోవచ్చు. మిషనుకొచ్చేది 24 వోల్టులే కదా అనకు, అడాప్టరుకి అవతల 230 ఉంది. వానాకాలం మన గచ్చులు చెమరుస్తాయి. ఎర్తింగు ఉన్న మూడు కాళ్ల ప్లగ్గులోనే పెట్టు, కాళ్ల కింద చెక్క పలక వేసుకో. కళ్లజోడు లేకుండా దాని దగ్గరికి వెళ్లకు. జుట్టు ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) కోసేటప్పుడు మూతికి మంచి మాస్కు ఉండాలి, ఆ దుమ్ము మామూలు రంపప్పొట్టు కాదు.

ఇక గీత సంగతి. మిల్లీమీటర్లలోనే గియ్యి. కొలతలు మొదలయ్యే సున్నా ఎడమ కింది మూలే, బొమ్మలోనూ మిషన్లోనూ. పలక కొలతతో ఒక చట్రం గీసి దాన్ని వేరే లేయర్లో ఉంచు. మూలన 100 మి.మీ. చదరం ఒకటి గీసి పెట్టు. డీఎక్స్‌ఎఫ్ (గీతల బొమ్మ ఫైలు) తెరిచినప్పుడు అవతలి సాఫ్ట్‌వేరు మిల్లీమీటర్లను అంగుళాలనుకుంటే నీ 300 మి.మీ. బోర్డు 7,620 మి.మీ. అయి కూర్చుంటుంది. చదరాన్ని కొలిస్తే అక్కడే దొరికిపోతుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో 0.92 వెర్షను కన్నా ముందు గీసిన పాత ఫైళ్లు ఎవరైనా ఇస్తే మరీ జాగ్రత్త. అప్పట్లో అంగుళానికి 90 చుక్కలు, తరవాత 96. ఆ తేడా కంటికి ఆనదు, బిగించేటప్పుడు తెలుస్తుంది.

తెలుగు అక్షరాలను క్యాడ్ సాఫ్ట్‌వేరులో నేరుగా టైపు చెయ్యకు. చాలావాటిలో వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో టైపు చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టు, అక్షరం వట్టి గీతలుగా మారుతుంది. అప్పుడు ఔట్‌లైన్ చూపులో పెట్టి చూడు. మామూలు చూపులో ‘శ్రీ’ నల్లగా ఒక్క ముద్దలా ఉంటుంది. ఔట్‌లైన్లో చూస్తే చాలా ఫాంట్లలో రావత్తు గీత శకారం గీతను దాటుకుంటూ పోతుంది. ఆ రెండూ కలిసిన చోటును మిషను ద్వీపమనుకుని తవ్వకుండా వదిలేస్తుంది, లేదా అక్షరం మధ్యలోంచి కోసుకుపోతుంది. యూనియన్ కొడితే రెండూ ఒకటవుతాయి. దానికి ముందు బ్రేక్ అపార్ట్ (గీతలన్నిటినీ విడదీసేది) మాత్రం నొక్కకు. నొక్కావంటే సున్నా కడుపు పూడిపోతుంది, ‘నిలయం’ చివర బొట్టు బిళ్ల మిగులుతుంది.

ఫొటో తీసిన అక్షరాన్ని ఆటో ట్రేస్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేరు చేతే గీయిస్తే, వేల నోడ్లు (గీతను మలిచే చుక్కలు) పడతాయి, మిషను వణుక్కుంటూ నడుస్తుంది. దానికన్నా ఫొటో మీద చేత్తో గీసుకోవడమే నయం.

ఇప్పుడు అసలు మాట. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ చేసే తప్పు ఒకటుంది, తెలుగు బోర్డు చెడేదంతా అక్కడే. సందు. పాఠాలు చెప్పే వీడియోలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో నడుస్తాయి. వాటిలో నిలువు గీతా అడ్డగీతా, మధ్యలో కావలసినంత ఖాళీ. మనది సుడిలో సుడి, నెత్తిన తలకట్టు, కాళ్ల దగ్గర వత్తు. నీ దగ్గరున్న బిట్టు మందం 3.175 మి.మీ. అంతకన్నా సన్నని సందులోకి అది దూరదు. దూరనప్పుడు సాఫ్ట్‌వేరు హెచ్చరిస్తుందని అనుకుంటారు. చాలాసార్లు హెచ్చరించదు. ఆ చోటు వదిలేసి మిగతాది శుభ్రంగా కోసేస్తుంది. తెర మీద అక్షరం అక్షరంలాగే ఉంటుంది, పలక మీద వేరే అక్షరం వస్తుంది.

ఇది రెండు రకాలుగా కొడుతుంది. అక్షరం పైకి తేలేలా చుట్టూ తవ్వుతున్నావనుకో, సందులు పూడిపోతాయి: ‘ప’కీ దాని తలకట్టుకీ మధ్య ఖాళీ పోయి రెండూ అతుక్కుంటాయి, ‘క్ష్మి’ కింద మావత్తు పై అక్షరంతో ముద్దైపోతుంది. అక్షరాన్నే లోపలికి తవ్వుతున్నావనుకో, ఈసారి సన్నని గీతలు మాయమవుతాయి. ముందు పోయేది ఒత్తు గీత. ‘ధ’ కింద ఆ చిన్న నిలువు గీత బిట్టు కన్నా సన్నమైతే ‘శ్రీ ధనలక్ష్మి నిలయం’ కాస్తా ‘దనలక్ష్మి’ అవుతుంది. ‘భ’ కాస్తా ‘బ’లా కనిపిస్తుంది. ‘ఠ’ కడుపులో చుక్క పోతే అది సున్నాయే. గృహప్రవేశం భోజనాలకొచ్చిన వాళ్లలో ఒక తెలుగు మాస్టారు తప్పకుండా ఉంటారు, చెయ్యి కడుక్కోకముందే ఆయన కళ్లు బోర్డు మీదే పడతాయి.

కుంచెతో రాసేవాళ్లకి ఈ బాధ లేదు. సందు చాలదనిపిస్తే చేతిలోనే అక్షరం కాస్త వెడల్పయ్యేది, ఒత్తు కాస్త కిందికి జరిగేది. మన ఊళ్లో పాత కిళ్లీ కొట్ల బోర్డులు ఇప్పటికీ రోడ్డు అవతలి నుంచి చదవగలం, అక్షరాలకి గాలి ఆడుతుంది కనక. నీ ఫాంటు తనంతట తను జరగదు, నువ్వే జరపాలి.

పరీక్ష తేలిక. 3.5 మి.మీ. వ్యాసంతో ఒక సున్నా గీసి దానికి ఎర్ర రంగు వెయ్యి. పైకి తేలే అక్షరాలైతే దాన్ని ప్రతి సుడిలోంచీ, ప్రతి వత్తు సందులోంచీ ఈడ్చుకుంటూ పో. లోపలికి తవ్వేవైతే గీతల వెంబడే నడిపించు. ఎక్కడ అంచు తగిలితే అక్కడ బిట్టు ఆగిపోతుంది. బద్ధకించకుండా అక్షరం అక్షరం చూడు. తగిలినచోట ముందు అక్షరం పెద్దది చెయ్యి, లేదా పేరును రెండు వరసలు చెయ్యి. ‘లక్ష్మి’ లాంటి మాటకి పైన గుడి, కింద వత్తు పోను నడుమ అక్షరానికి మిగిలే ఎత్తు తక్కువని గుర్తుంచుకో. అదీ చాలకపోతే ఫాంటు మార్చు. రామభద్ర బొద్దుగా అందంగా ఉంటుంది గానీ సందులు ఇరుకు, మండలి లాంటిది సన్నగా సాగుతుంది. రెండూ ఉచితంగా వాడుకోదగ్గవే. ఇంకా మిగిలిన ఒకటి రెండు చోట్ల నోడ్లు పట్టుకుని జరుపు. 1.5 మి.మీ. బిట్టు చిట్టచివరి దారి. అది ఒక్క పాసులో (ఒక్క దఫా కోతలో) అర మిల్లీమీటరు కన్నా లోతు పోతే విరగొచ్చు.

నన్నడిగితే మొదటి బోర్డులకి వీ బిట్టు (V ఆకారంలో మొన ఉన్నది) వాడు. సన్నని చోట పైకి లేస్తూ, వెడల్పు చోట లోపలికి దిగుతూ మన గుండ్రటి అక్షరాలకి బాగా కుదురుతుంది, ఒత్తు గీత పోదు. ఎఫ్-ఎన్‌గ్రేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు డీఎక్స్‌ఎఫ్ తీసుకుని బిట్టు నడిచే దారి వేసిస్తుంది. 90 డిగ్రీల బిట్టయితే లోతు గీత వెడల్పులో సగం: 8 మి.మీ. గీతకి 4. అదే 60 డిగ్రీలదైతే దగ్గర దగ్గర 7, పలక మందం చూసుకో. దీని పేచీ ఒక్కటే. పలక చదునుగా ఉండాలి. 90 డిగ్రీల బిట్టుకి పలక 1 మి.మీ. ఎత్తయితే గీత 2 మి.మీ. లావవుతుంది. మన తేమకి చెక్క వంగుతుంది, రాత్రి సాపుగా ఉన్నది పొద్దున్నకి దొప్పలా లేస్తుంది. కోసే ముందు నాలుగు మూలలా, నడుమా ఎత్తు చూసుకో.

బయట పెట్టే బోర్డుకి ఎండీఎఫ్ వద్దు, ఒక్క వానాకాలానికి ఉబ్బిపోతుంది. టేకు మంచిది. ప్లైవుడ్డే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడుగు. నేర్చుకోవడానికి పీవీసీ ఫోమ్ బోర్డు చవక, నీటికి చెడదు. అంతర్వేది, నర్సాపురం వైపు వాళ్లు అడిగితే స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఇవ్వు, ఉప్పుగాలికి ఇనుప మర తుప్పు కారి బోర్డంతా చారలు కడుతుంది.

అక్షరాలు విడివిడిగా కోసేటప్పుడు వత్తులూ, తలకట్లూ వేరే ముక్కలుగా వస్తాయి. ప్రతి ముక్కకీ ట్యాబులు (ముక్కను పలకకి పట్టి ఉంచే, కోయని చిన్న వంతెనలు) వదులు, 5 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం చాలు. ట్యాబు లేని చిన్న ముక్క తిరిగే బిట్టుకి తగిలి ఎగురుతుంది, కళ్లజోడు అని అరిచింది అందుకే. పేరు మొత్తం అదే కొలతతో కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించు, ఏ వత్తు ఎక్కడో దాన్ని చూసి అతికించుకోవచ్చు.

కరెంటు పోవడం మనకి కొత్త కాదు. మళ్లీ వచ్చేసరికి నీ మిషనుకి తనెక్కడుందో గుర్తుండదు. అందుకని సున్నా దగ్గర, కోసి తీసే బోర్డు అంచుకి బయట మిగిలే పలక మీద, 1 మి.మీ. లోతు చిన్న రంధ్రం కూడా బొమ్మలోనే గీసి అన్నిటికన్నా ముందు అదే కొట్టించు. పలక కదలకపోతే బిట్టు మొనను ఆ రంధ్రంలో కూర్చోబెట్టి మళ్లీ మొదలెట్టొచ్చు. కరెంటు పోగానే స్విచ్చి కట్టేసెయ్యి, వచ్చినప్పుడు దానంతటది తిరిగే పరిస్థితి ఉండకూడదు.

మొదటి ఫైలు కోసే ముందు నాకు పంపు. ఎస్‌వీజీ (ఇంక్‌స్కేప్ ఫైలు), డీఎక్స్‌ఎఫ్ రెండూ కావాలి, అక్షరాలు పాత్‌లుగా మార్చినవి, ఫైలు పేరులోనే బిట్టు కొలత రాసి. ఎర్ర సున్నా తగిలిన చోట్లు చెరపకుండా అలాగే ఉంచు. అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య