గైడు పేరు కింద రాసిన ఆసక్తులను నమ్మొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "వరంగల్ వైపు సోషియాలజీలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. ఒక్కో సారు పేరు కింద పరిశోధన ఆసక్తులు అని రాసి ఉంది. అవి చూసి గైడును ఎంచుకోవచ్చా?"

ముందు ఆ 'ఎంచుకోవడం' అన్న మాట మరిచిపోండి. యూజీసీ లెక్కలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లకు మించి ఉండకూడదు. మీరు ఎంట్రెన్స్, ఇంటర్వ్యూ గట్టెక్కేసరికి ఎవరి దగ్గర ఖాళీ ఉంటే ఆయనే మీ గైడు. నాకు అట్లాగే దొరికారు.

నేను చేరింది 2015లో. ఏ యూనివర్సిటీ అన్నది వద్దు. మా సారు పేరు కింద శ్రమ, జెండర్, అభివృద్ధి, ఆరోగ్యం, గ్లోబలైజేషన్ ఇట్లా వరసగా ఏడు ఉండేవి. నాది బీడీ కార్మిక మహిళల మీద టాపిక్, మా అమ్మ బీడీలు చుట్టే నన్ను చదివించింది. శ్రమ ఉంది, జెండర్ ఉంది, ఇంకేం కావాలి అని సంబరపడ్డాను. సారు అసలు ఆసక్తి ఎన్నికలు. ఏ మండలంలో ఏ కులం ఓట్లు ఎటు పడ్డాయో కాగితం చూడకుండా చెప్పేవారు. ఆ ఏడింటిలో లేనిది అదొక్కటే.

ఆయన ఇచ్చిన ప్రశ్నావళి పట్టుకుని కోరుట్ల దగ్గర ఒక ఊరికి పోయాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. చేతిలో కాగితాలు చూడగానే "పింఛన్ రాసేటందుకు వచ్చినవా బిడ్డా?" అంది. ఆ ఏడాదే బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలైంది, పీఎఫ్ ఉందా లేదా అని ఊరూరా అదే గొడవ. కాదు పెద్దమ్మా, నా చదువు కోసం అన్నాను. అయితే కూర్చో అంది.

రెండో ప్రశ్న: "మీరు ఏం పని చేస్తారు?"

"ఏం పని బిడ్డా, ఇంట్లనే ఉంట."

అంటూనే ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి వంచి చాటలో వేసింది. నాతో మాట్లాడిన గంటన్నరలో ఆ చేతులు ఆగింది నాకు మంచినీళ్లు ఇచ్చినప్పుడే. రోజుకు ఎన్ని గంటలు పని అంటే నవ్వింది. "గంటలేంది? వెయ్యి బీడీలు అయితే అయినట్టు." మా అమ్మా అంతే కదా అని అప్పుడు వెలిగింది. ఇరవై ఏళ్లు అదే వాకిట్లో కూర్చుని హోంవర్క్ రాసుకున్నాను, స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర ప్రతిసారీ 'గృహిణి' అనే నింపాను.

అసలు సంగతి ఆకు. కంపెనీ తూకం వేసి ఆకు ఇస్తుంది, దానికి ఇన్ని బీడీలు రావాలని లెక్క కడుతుంది. ఆకు చిరుగులదో పురుగుదో వస్తే లెక్క తప్పుతుంది. అప్పుడు సొంత డబ్బుతో బయట ఆకు కొని ఆ బీడీలు పూర్తి చేయాలి. అవి తీసుకుపోతే అక్కడ చూసేవాళ్లు బాగాలేవని కొన్ని తీసి పారేస్తారు. అంటే పని చేసి, పని చేసినందుకు డబ్బులు కూడా కట్టడం. నా ప్రశ్నావళి ఎనిమిది పేజీలు. టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్నీ ఉన్నాయి. ఆకు కొన్న డబ్బులు రాయడానికి ఒక్క గడి లేదు.

సారుకు చెబితే "అప్రూవ్ అయిన ప్రశ్నావళిని ముట్టుకోవద్దు" అన్నారు. అదే డిపార్ట్‌మెంట్లో ఇంకో మేడం ఉండేవారు, పేరు కింద 'గ్రామీణ సమాజం' అని ఒక్క ముక్క మాత్రమే. "గడి లేకపోతే వెనక పేజీ ఖాళీగానే ఉంది కదా, రాసుకో" అన్నారావిడ. రాసుకున్నాను.

ఈ ఆసక్తుల గురించి నాకొక మొండి అభిప్రాయం ఉంది: మనిషి ఎక్కడ ఇరుక్కుపోతే ఆసక్తి అక్కడే పుడుతుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌నే చూడండి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టు చేతిలో ఉన్నందుకు ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు. మార్లవాయి అనే గోండుల ఊళ్లో ఆయన భార్య సమాధి ఇప్పటికీ ఉంది.

ఇంకో బాధ కూడా చెప్పి తీరాలి. మా టైటిల్స్ అన్నీ ఒకే అచ్చు: ఫలానా మహిళలు, ఫలానా జిల్లా, ఒక అధ్యయనం. నాది 'కరీంనగర్ జిల్లా'. 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, నా ఊళ్లన్నీ పోయి జగిత్యాలలో పడ్డాయి. టైటిల్లో ఒక్క మాట మార్చడానికి నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఊరు పేరు పెట్టుకోండి, జిల్లా పేరు పెట్టకండి.

మీ ప్రశ్నకు వస్తే, పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్లో ఆ సారు పేరు కొట్టి ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు తెరవండి. జిల్లా పేరు తప్ప ఇంకేమీ మారలేదంటే మీకు సంగతి అర్థమవుతుంది. హాస్టల్లో ఉండే సీనియర్లకు టీ ఇప్పించండి, ఎవరు నోట్స్ చదువుతారో, ఎవరు సంతకం మాత్రమే పెడతారో వాళ్లే చెబుతారు.

థీసిస్ మీద చివర్లో జరిగే మౌఖిక పరీక్ష, అదే నా వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాదాపు మొత్తం ఆకు చాప్టర్ మీదే అడిగారు. ఆ ఏడాది చివర్లో మా సారు పేరు కింద ఎనిమిదో ఆసక్తి చేరింది: అసంఘటిత శ్రమ.