మెడ బిగిసి బాబు తల దూరకపోతే

మీరు చెప్పినదాన్నిబట్టి ఆరు నెలల బాబుకి స్వెట్టర్ ఒళ్లంతా సరిపోయింది, మెడ దగ్గరే తల దూరడం లేదు. అల్లిక బాగానే ఉందండీ, చివరి వరస మూసినప్పుడు బిగుసుకుంది. ఆ వయసులో తల చుట్టుకొలత 43 సెం.మీ. దగ్గర ఉంటుంది, మెడ సాగదీస్తే 45 అయినా రావాలి.

ఊలు కొస వెతికి, మూసిన వరస ఒక్కటే విప్పండి. కుట్లన్నీ సన్న సూది మీదకి ఎక్కించుకుని, కుడిచేతికి రెండు సైజులు లావు సూది తీసుకోండి. రెండు కుట్లు కలిపి వెనకవైపు నుంచి అల్లాలి, వచ్చిన కుట్టును తిరిగి ఎడమ సూది మీదకి వేయాలి, మళ్లీ రెండు కలిపి అల్లాలి. చివరిదాకా ఇంతే. ఊలు మాత్రం లాగొద్దు, లాగితే మళ్లీ అదే బిగువు.

అప్పటికీ దూరకపోతే మెడ పట్టీ మొత్తం విప్పి, ఎడమ భుజం కుట్టు 5 సెం.మీ. తెరిచి, పట్టీని గుండ్రంగా కాకుండా అటూ ఇటూ తిప్పి అల్లి రెండు గుండీలు పెట్టడమే. గుండీలు గట్టి దారంతో కుట్టండి. ఊడితే నేరుగా నోట్లోకే వెళ్తాయి.

కొసలకు ముడులు వద్దు, లేత చర్మానికి ఒరుసుకుంటాయి. 15 సెం.మీ. కొస వదిలి, మొద్దు సూదితో లోపలివైపు 5 సెం.మీ. అటు, మళ్లీ ఇటు దూర్చి కత్తిరించండి.